‘కాన్’ ఎవరి పేరు?

నెట్ సెంటర్ల కాలంలో ఒక మెయిలు దేశమంతా తిరిగింది. ఒక భారతీయుడు కనిపెట్టాడట: సి, ఓ, ఎన్ అన్న మూడక్షరాలతో ‘కాన్’ అని కంప్యూటర్లో ఎక్కడా ఫోల్డరు చెయ్యలేమట. మైక్రోసాఫ్ట్ వాళ్లంతా తల బద్దలు కొట్టుకున్నా ఎందుకో చెప్పలేకపోయారట. దీనికే ఇంకో పాఠాంతరం ఉండేది. బిల్ గేట్స్‌ను చిన్నప్పుడు బడిలో ఆ పేరు పెట్టి ఏడిపించేవాళ్లనీ, ఆ కసితో ఆయన పెద్దయ్యాక దాన్ని నిషేధించాడనీ. చదివినవాళ్లు ఊరుకోరు కదా, వెంటనే చేసి చూసేవాళ్లు. విండోస్ ఎక్స్‌పీలో అయితే చడీచప్పుడూ లేకుండా పేరు మళ్లీ ‘న్యూ ఫోల్డర్’ అయిపోయేది. దాంతో మెయిలు మీద నమ్మకం ఇంకా గట్టిపడేది.

తర్వాత వచ్చిన విండోస్‌లు కాస్త నోరు విప్పాయి. ‘చెప్పిన డివైస్ పేరు చెల్లదు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి తెరమీద చూపిస్తాయి. మనం అడిగింది ఫోల్డరు, అది మాట్లాడుతున్నది డివైస్ గురించి, అంటే పరికరం గురించి. మెయిలు మిస్టరీకి జవాబంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పరికరం ఊసు ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

తమాషా ఏమిటంటే, ఆ మెయిలు పంపుకున్నవాళ్లలో చాలామందికి కాన్ పాత పరిచయమే. తొంభైల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లెవరైనా మొదట నేర్చుకున్నది డాస్ అన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఆ పాఠాల్లో ‘కాపీ కాన్’ అన్న ఆజ్ఞ ఒకటి ఉండేది. కాపీ కాన్ అని కొట్టి, పక్కన కొత్త ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కాలి. తోచింది టైపు చేసి, కంట్రోల్‌తో పాటు జెడ్ నొక్కి, మళ్లీ ఎంటర్ కొట్టాలి. ఫైలు తయారు. దాన్ని మంత్రంలా బట్టీపట్టడమే గానీ విడదీసి చూసుకున్నది లేదు. కాపీ అంటే ఒక ఫైలులోంచి ఇంకో ఫైలులోకి ఎత్తిరాయడం. రెండోది మనం పేరు పెట్టిన ఫైలు. మరి మొదటిది? అదే కాన్. దాన్ని చదివితే కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు వస్తాయి, దానికి రాస్తే తెరమీద పడతాయి. డాస్ దృష్టిలో కీబోర్డూ తెరా కలిసి ఒక ఫైలు, ఆ ఫైలు పేరు కాన్. డాస్ అలవాటునే మోసుకొచ్చిన విండోస్‌ను ఆ పేరుతో ఇంకో ఫోల్డరు చెయ్యమంటే కుదరదంటోంది. దాని లెక్క ప్రకారం ఆ పేరుగలవాడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు.

కాన్ అన్నది కన్సోల్‌కు పొట్టిపేరు. ఈ కన్సోల్ చాలా దూరం నడిచొచ్చిన మాట. ఫ్రెంచి వాస్తుశిల్పంలో గోడలోంచి పొడుచుకొచ్చి చూరునో అరనో మోసే బ్రాకెట్టును కన్సోల్ అనేవాళ్లు. అలాంటి బ్రాకెట్ల మీద గోడకు ఆనించిన బల్ల కన్సోల్ టేబుల్ అయింది. చర్చిల్లో పెద్ద ఆర్గన్ వాయించేవాడు కూర్చునే మెట్ల పలకల వరసకు ఆ పేరు పాకింది. తర్వాత నేలమీద నిలబెట్టే రేడియో పెట్టెకూ, విద్యుత్ కేంద్రాల్లో మీటలుండే బల్లకూ, చివరికి పెద్ద కంప్యూటర్ ముందు ఆపరేటరు కూర్చునే చోటుకూ వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, ఓదార్చడం అన్న అర్థమున్న లాటిన్ ధాతువుకు దీన్ని చుట్టంగా చెప్పే నిరుక్తకారులున్నారు. బరువు మోసి ఊరటనిచ్చేది అనే భావమట. ఓదార్పు సంగతి నమ్మినా నమ్మకపోయినా, ఆసరాగా నిలిచేది అన్న అర్థం మాత్రం ఆ మాటను అన్ని మజిలీల్లోనూ వదల్లేదు.

ఇంత పెద్ద మాట మూడక్షరాలకు కుంచించుకుపోవడం వెనక సీపీ/ఎం ఉంది. (మధ్యలో గీత మరిచిపోతే పార్టీ అయి కూర్చుంటుంది.) గ్యారీ కిల్డాల్ 1974లో కాలిఫోర్నియాలో రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. అందులో పరికరాలకు మూడేసి అక్షరాల పేర్లుండేవి. కన్సోల్‌కు కాన్. కాగితపు టేపు చదివే రీడరుకు ఆర్‌డీఆర్. టేపుకు చిల్లులు పొడిచే పంచ్ యంత్రానికి పీయూఎన్. ప్రింటరుకు ఎల్‌ఎస్‌టీ, అంటే లిస్ట్. ప్రతి పేరు చివరా రెండు చుక్కలు, అదే కోలన్, ఉండేది. అసలు గుట్టంతా ఆ చుక్కల్లోనే ఉంది. చుక్కలుంటే పరికరం, లేకపోతే ఫైలు. ఒకే పేరు రెండింటికీ ఉన్నా ఇబ్బంది లేదు.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ 86-డాస్ రాశాడు. దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో పాటు అది పీసీ డాస్‌గా బజారుకొచ్చింది. ఈ దారిలో చుక్కలు రాలిపోయాయి. కాన్, ఏయూఎక్స్, పీఆర్‌ఎన్, ఎన్‌యూఎల్ – ఇలా మామూలు ఫైలు పేరు కొట్టినట్టు కొడితే చాలు, పరికరం పలుకుతుంది. తెలివితక్కువ పని అని కొట్టిపారెయ్యలేం. ఫైలులోకి రాయడం తెలిసిన ప్రోగ్రాముకు ప్రింటరు గురించి వేరే ఏమీ తెలియక్కర్లేదు. ఏ ఫైలుకు రాయమంటావని అది అడిగినచోట పీఆర్‌ఎన్ అని చెబితే అదే రాత కాగితం మీద అచ్చవుతుంది. ఎన్‌యూఎల్ అంటే అక్కర్లేని రాత ఎక్కడికీ పోకుండా మాయమవుతుంది. పరికరాలను ఫైళ్లలాగా చూసే పద్ధతి యూనిక్స్‌లో అప్పటికే ఉంది. కాకపోతే యూనిక్స్ ఆ పరికరాలన్నిటినీ ‘డెవ్’ అన్న ఒక్క డైరెక్టరీలో పెట్టింది. ఆ ఊరు దాటితే ఆ పేర్లు మామూలు పేర్లే. తొలి డాస్‌కు ఆ అవకాశం లేదు, ఎందుకంటే దానికి డైరెక్టరీలే లేవు. ఫ్లాపీ మీద ఎన్ని ఫైళ్లున్నా అన్నీ ఒకే వరసలో ఉండేవి.

1983లో డాస్ రెండో వెర్షన్, హార్డ్‌డిస్కున్న పీసీ ఎక్స్‌టీతో పాటు వచ్చింది, డైరెక్టరీలను తెచ్చింది. పరికరాలను ఒక మూలకు తరలించడానికి అది సరైన సమయం. కానీ రెండేళ్లలో పోగుపడిన ప్రోగ్రాములకు డైరెక్టరీ అన్న ఊహే తెలియదు. అవి పీఆర్‌ఎన్ అనే అడుగుతాయి, ఎక్కడున్నా అలాగే అడుగుతాయి. ఆ పిలుపు వృథా పోకూడదంటే ప్రతి డైరెక్టరీలోనూ పీఆర్‌ఎన్ ఉన్నట్టే నటించాలి. కొత్త డాస్ ఆ నటనకే ఒప్పుకుంది. పరికరాలను డెవ్ దారిలో మాత్రమే కనపడేలా చేసే ఏర్పాటు ఒకటి ఆ రెండో వెర్షన్లో ఉండేది. కన్ఫిగ్ ఫైలులో ఒక వాక్యం రాస్తే సరిపోయేది. దాన్ని వాడిందెవరూ లేరు, తర్వాతి వెర్షన్లలో అది కనుమరుగైంది. నా లెక్కలో అసలు కథ మలుపు తిరిగింది అక్కడే.

దీనికి తోడు ఇంకో చిక్కు. అప్పటి అసెంబ్లర్ల లాంటి ప్రోగ్రాములు మనమిచ్చిన పేరుకు తమ తోక తామే తగిలించేవి. మనం కాన్ అంటే అవి ‘కాన్ చుక్క ఎల్‌ఎస్‌టీ’ అని అడిగేవి. అది కూడా తెరమీదికే చేరాలంటే చుక్క తర్వాతి భాగాన్ని పట్టించుకోకూడదు. అందువల్లే కాన్ ఒక్కటే కాకుండా కాన్ చుక్క ఏదైనా సరే పరికరమే అయింది. సీరియల్ పోర్టులకు కామ్ ఒకటి నుంచి తొమ్మిది దాకా, ప్రింటర్ పోర్టులకు ఎల్‌పీటీ ఒకటి నుంచి తొమ్మిది దాకా చేరాక, అందరికీ తెలిసిన జాబితా 22 పేర్లకు పెరిగింది.

వీటన్నిటినీ కలిపి పుస్తకాలు ‘రిజర్వుడ్ నేమ్స్’ అంటాయి. నాకు పేచీ ఉన్నది ఈ మాటతో.

రిజర్వు అన్నది మనకు కొత్త మాటేమీ కాదు. లాటిన్లో వెనక్కి అన్న ‘రె’, కాపాడి ఉంచడమన్న ‘సెర్వారే’ కలిసిన మాట. ముందు ముందు అవసరమని పక్కన పెట్టి ఉంచడం దాని సారం. రైల్లో రిజర్వేషన్ అంటే మనిషి రాకముందే బెర్తు ఖాళీగా అతని కోసం ఎదురుచూడటం. రిజర్వాయరు అంటే ఎండాకాలపు పంటకని నీటిని నిలిపి ఉంచడం. 1935 ఏప్రిల్ 1న తలుపులు తెరిచిన రిజర్వు బ్యాంకు పేరులోనూ ఆ నిల్వ అర్థమే ఉంది. ఒక్క అడవి దగ్గరకు వచ్చేసరికి మాట రంగు మారింది. 1882 మద్రాసు అటవీ చట్టం కింద మన్యంలో కొండలకు కొండలు ‘రిజర్వు ఫారెస్టు’ అయ్యాయి. అక్కడ ఆ మాట ఎవరికోసం ఉంచారో చెప్పేది కాదు, ఎవరు అడుగుపెట్టకూడదో చెప్పేది. పైగా ఆ నేల ఖాళీగా లేదు. పోడు కొట్టుకునేవాళ్లు, చింతపండు ఏరుకునేవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం జనానికి ఆ మాట అర్థం ఎవరూ వివరించనక్కర్లేదు. రిజర్వు అన్న ముద్ర పడగానే, అంతకుముందు అక్కడ ఎవరుండేవాళ్లన్నది మాటలోంచి జారిపోతుంది.

కంప్యూటర్ పేర్ల విషయంలోనూ ఆ జారిపోవడమే జరిగింది. కష్టం ఎవరికీ కలగలేదు కాబట్టి పోలిక అక్కడితో ఆగిపోతుంది, కానీ మాట చేసిన పని ఒకటే. రిజర్వుడ్ అని వినగానే ఖాళీ పేరును ఎవరో తాళం వేసి దాచారనిపిస్తుంది. దాచారంటే ఎందుకు దాచారన్న ప్రశ్న, దాని వెంట కుట్ర, బడిలో ఏడిపించిన కథ, అన్నీ వరసగా వస్తాయి. నిజంగా దాచిపెట్టిన పేర్లు కంప్యూటర్ లోకంలో లేకపోలేదు. 1999లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు టెస్ట్, ఎగ్జాంపుల్, ఇన్‌వాలిడ్, లోకల్‌హోస్ట్ అన్న నాలుగు చివరిపేర్లను ఎవరికీ అమ్మకూడదని పక్కన పెట్టారు. పాఠాల్లో ఉదాహరణకు వాడుకున్న చిరునామా పొరపాటున ఎవరో నిజం మనిషి సైటు కాకుండా ఉండాలని. అది అసలైన రిజర్వు. కాన్ అలా కాదు. అది వాడుకలో ఉన్న పేరు.

దీనికి మన శాస్త్రాల్లో సరిగ్గా సరిపోయే మాట ఉంది: సంజ్ఞ. బాగా ఎరగడం అన్న ధాత్వర్థం నుంచి, ఒకదాన్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరు అన్న అర్థానికి వచ్చింది. వాడుకలో సైగ. వికృతి ‘సన్న’, కనుసన్నల్లో మెలగడం అన్నప్పటి సన్న. చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిస్తే ముందు కనిపించేది సంజ్ఞా పరిచ్ఛేదమే. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు, ద్రుతం లేని మాటలు కళలు అని అక్కడ ఒప్పందం చేసుకుంటాం. ఆ తర్వాత ఆ పుస్తకంలో ‘కళ’ కనిపిస్తే ముఖంలో కళ గుర్తు చేసుకోకూడదు. కళ అన్న మాటను ఎవరూ నిషేధించలేదు. ఆ నాలుగు గోడల మధ్య అది ఇంకొకరి పేరు, అంతే.

ఈ ఆట పాణినికి ఇంకా బాగా తెలుసు. ఈ, ఊ చివర ఉన్న స్త్రీలింగ పదాలకు ఆయన ‘నదీ’ అని సంజ్ఞ పెట్టాడు. అష్టాధ్యాయిలో గౌరి నది, వధువు నది. పేరుకూ అది సూచించేదానికీ తగువు వస్తుందని తెలిసి మొదటి అధ్యాయంలోనే ఒక సూత్రం చేశాడు, మొదటి పాదంలో 68వది. దాని తాత్పర్యం: వ్యాకరణంలో ఒక మాట చెబితే ఆ మాట సొంత రూపాన్నే తీసుకోవాలి, అది శాస్త్రంలో సంజ్ఞ అయితే తప్ప. అగ్నికి ఫలానా ప్రత్యయం చేర్చమంటే నిప్పుకు చేర్చమని కాదు, దాని పర్యాయపదాలకూ కాదు, అగ్ని అన్న ఆ శబ్దానికే. నదికి చేర్చమంటే మాత్రం నది అన్న శబ్దానికి కాదు, నదీసంజ్ఞ ఉన్న మాటలన్నిటికీ. డాస్ చేసేది అచ్చంగా ఇదే. రాజు అని పేరిస్తే ఆ అక్షరాలనే పేరుగా తీసుకుంటుంది. కాన్ అంటే అక్షరాలను వదిలేసి, ఆ సంజ్ఞగల పరికరాన్ని పట్టుకుంటుంది.

అయినా పాణిని దగ్గర కూడా ఢీకొన్న చోట్లున్నాయి. సంఖ్యావాచకం నదులతో సమాసం చెందుతుందని రెండో అధ్యాయంలో ఒక సూత్రం చెబుతుంది. సప్తగంగం లాంటి మాటలు దాని ఉదాహరణలు. అక్కడ నది అంటే పారే నదే, సంజ్ఞ కాదు. వ్యాఖ్యాతలు సందర్భం చూసి అది తేల్చారు. ఈ తలనొప్పే వద్దనుకున్న చోట ఆయన ఘి, ఘు, టి, భ అని బజారులో ఎవరూ వాడని పొడి అక్షరాలను సంజ్ఞలుగా పెట్టాడు. ఏ నిఘంటువులోని మాటతోనూ వాటికి పేచీ రాదు. సీపీ/ఎం చివర పెట్టిన రెండు చుక్కలు అలాంటి జాగ్రత్తే. చుక్కలు తీసేసిన రోజున కాన్ ఘి కాకుండా నది అయింది. వ్యాఖ్యాత లేని శాస్త్రంలో నది.

దాని ఫలితాలు అనుకోని చోట్ల తేలాయి. ఏయూఎక్స్ అంటే డాస్‌కు సహాయక పోర్టు. ఫ్రెంచివాళ్లకు మాత్రం ఆ మూడక్షరాలు బహువచనం ముందు వచ్చే చతుర్థీ విభక్తి లాంటి మాట, రోజుకు వందసార్లు నోట్లో ఆడేది. కాన్ స్పానిష్‌లో ‘తో’. ఇంగ్లీషు మూడక్షరాలుగా కనిపించినవి ఒక్క ఇంగ్లీషుకే పరిమితం కావన్న సంగతి ఆ పేర్లు పెట్టినవాళ్లకు పట్టలేదు. లినక్స్ కెర్నెల్లో ఎన్విడియా కార్డుల కోసం రాసిన నూవో డ్రైవరులో డిస్‌ప్లేపోర్టు ఆక్సిలరీ చానెలును చూసుకునే ఫైలు పేరు ‘ఏయూఎక్స్ చుక్క సి’. రాసినవాళ్లకు అంతకంటే సహజమైన పేరు లేదు. ఆ కోడును విండోస్ మీద దించుకోబోతే మిగతావన్నీ దిగుతాయి, ఆ ఫైలు దగ్గర కోడు దించే గిట్ మొరాయిస్తుంది.

విండోస్ 95, 98ల్లో ఇంకా దారుణం. కాన్ అన్న ఫోల్డరులో కాన్ అన్న ఫైలు తెరవమని అడిగితే పరికరంలోపల పరికరం కోసం వెతికి కంప్యూటర్ నీలి తెర వేసి కూలిపోయేది. ఒక వెబ్ పేజీలో బొమ్మ చిరునామాగా ఆ రెండు కాన్‌లను రాసిపెడితే చాలు, చూసినవాళ్ల మెషీన్ పడిపోయేది. 2000 మార్చిలో గానీ మైక్రోసాఫ్ట్ దానికి సవరణ విడుదల చెయ్యలేదు. నాకు మరీ ముచ్చటగా అనిపించేది అంకెల సంగతి. కామ్ పక్కన మామూలు ఒకటి కాకుండా, వర్గం, ఘనం రాసేటప్పుడు పైన పెట్టే చిన్న ఒకటి, రెండు, మూడు రాసినా విండోస్ వాటిని పోర్టులుగానే లెక్కేస్తుంది. ఐఎస్ఓ లాటిన్ లిపి పట్టికలో అవి కూడా అంకెల కిందే చేరడం వల్ల వచ్చిన తంటా. కాగితపు టేపుల కాలం నుంచి వచ్చిన ఒప్పందం గణితపు పైఅంకెల దాకా పాకిందన్నమాట.

యూనిక్స్ ఏమీ మహా పవిత్రం కాదు. ఏటవాలు గీతా, సున్నా బైటూ తప్ప పేరులో ఏదైనా రాసుకోనిస్తుంది, నిజమే. కానీ ఒక చుక్కా రెండు చుక్కలూ అక్కడా సంజ్ఞలే, ఉన్న డైరెక్టరీకీ పై డైరెక్టరీకీ. జాబితాలో ఆ రెండూ కనిపించకుండా చెయ్యబోయి మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రమే చూడటంతో, చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ దాక్కునే అలవాటు పుట్టింది. ప్రోగ్రామింగ్ భాషల్లో కోబాల్ వందల మాటలను తనకే అట్టిపెట్టుకుంటే, పీఎల్/1 ఒక్క మాటనూ ఆపుకోలేదు. ఏది ఆజ్ఞో ఏది పేరో వాక్యంలో స్థానాన్ని బట్టి పోల్చుకుంటుంది, సప్తగంగం దగ్గర వ్యాఖ్యాతలు చేసినట్టు.

ఇక ఆ మెయిలు పంపినవాళ్లకు నెట్ సెంటర్లో నేర్పే చిట్కా ఒకటుండేది. కాన్ అని కొట్టి, ఆల్ట్ మీట నొక్కిపట్టి 255 కొడితే ఫోల్డరు వచ్చేస్తుంది. వస్తుంది, కానీ చివర కంటికి కనపడని ఖాళీ అక్షరం ఒకటి చేరుతుంది, కాబట్టి అది కాన్ కాదు. తెలుగు లిపిలో ‘కాన్’ అని రాసి చూడండి, విండోస్ నవ్వుతూ ఒప్పుకుంటుంది, ఎందుకంటే సంజ్ఞ ఉన్నది రోమన్ అక్షరాలకే. అచ్చమైన కాన్ ఫోల్డరే కావాలంటే దారి వేరు. ఆజ్ఞలు కొట్టే నల్లకిటికీ తెరిచి, పూర్తి చిరునామాకు ముందు రెండు వెనకగీతలు, ఒక ప్రశ్నార్థకం, మళ్లీ ఒక వెనకగీత పెట్టాలి. ఆ ముందుమాట విండోస్‌కు చెప్పేది ఒకటే: ఈ పేరుకు అర్థం వెతకొద్దు, సొంత రూపాన్నే తీసుకో. పేరును విప్పి చూడకుండా అది నేరుగా డిస్కు మీది ఫైళ్ల వ్యవస్థ ఎన్‌టీఎఫ్ఎస్‌కు అందిస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌కు కాన్ గురించి ఏ పట్టింపూ లేదు, ఫోల్డరు తయారవుతుంది. ఎక్స్‌ప్లోరర్లో అది మిగతావాటి పక్కనే కనిపిస్తుంది, కానీ అక్కడి నుంచి దాన్ని చెరిపెయ్యబోతే మామూలుగా పోదు. పోవాలంటే మళ్లీ ఆ నల్లకిటికీలోకే వెళ్లి, ఆ నాలుగు గుర్తులూ ముందు పెట్టి, సొంత రూపంతోనే పిలవాలి.